వాళ్ళ ఖాతా

ప్రెస్సు పైన గది,
ఏప్రిల్ మొదటివారం

బుల్లీ,

క్షేమంగా చేరానని రాయాలి కాబట్టి రాస్తున్నాను. చేరడం చేరాను, క్షేమం సంగతి దేవుడెరుగు. కింద ప్రెస్సు, పైన నేను. మిషను తిరుగుతున్నంతసేపూ నా మంచం కాళ్ళు గడగడలాడుతుంటాయి. వాళ్ళ లెక్కలు రాయడం నా పని. ప్రెస్సాయన మంచివాడే, కాకపోతే ప్రతి మాటకీ ముందు ఒక తుమ్ము తుమ్ముతాడు. కాగితం దుమ్ము పడదట. ఈ వ్యాపారం ఎందుకు పెట్టాడో మరి!

నా కడుపు మండిపోతోందే బుల్లీ. దారి పొడుగునా సభలో నన్నన్న ఆ మాటే చెవిలో మోగుతూనే ఉంది. మీ అన్నయ్య పోయాక, ఆయన పడుకున్న, పిడి తిప్పితే తలవైపు లేచే తిప్పుడు మంచం ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకోనని ఇచ్చేస్తే, ఆ ఒక్క మంచంతో మొదలైన సంఘం కాదూ అది? ఇవాళ ఊళ్ళో ఎవరింట్లో రోగి ఉన్నా మంచమో, చక్రాల కుర్చీనో, గాలి పరుపో మన దగ్గర్నుంచే వెళుతుంది. ఇన్నేళ్ళూ కోశాధికారిగా పైసా జీతం తీసుకోకుండా లెక్కలు రాశాను. చివరికి నాకు దక్కింది ఇదీ!

ఆ ఫోటోరాయుడు ప్రెసిడెంటుగా వచ్చిందగ్గర్నుంచీ ఒకటే పాట. ఒక కుర్చీ ఇచ్చి పాతిక ఫోటోలు దిగే మనిషి, సంఘానికి సొంత భవనం కట్టాలంటాడు. నిల్వ నిధి తియ్యమంటాడు. కుదరదన్నాను. ఒక ఏడాది చందాలు ఒక్కటీ రాకపోయినా గది అద్దె, రిపేర్లు, బండి ఖర్చు ఆగకూడదు, రోగి కింద మంచం ఉండాలి. అందుకని ఏడాది ఖర్చు ఎప్పుడూ బ్యాంకులో ఉంచాలన్నాను. నేను పెట్టుకున్న నియమం అదొక్కటే. దానికి నిండు సభలో మైకు పట్టుకుని ఏమన్నాడు? "ఈవిడ లంకెబిందెల మీద పాములా కూచుంది. ఈ లెక్కలు ఆవిడకి తప్ప దేవుడిక్కూడా తెలీవు. ఎందుకు తెలీవో మీరే ఆలోచించుకోండి."

అందరూ నవ్వారు. పిసినారి అంటే పడతాను, దొంగ అంటే పడను. ఆ మాట అదే హాల్లో, అదే మైకులో, అతని నోటితోనే వెనక్కి తీసుకోవాలి. తీసుకునేలా చేస్తాను. అంతవరకూ నాకు అన్నం సయించదు.

నన్ను తీసెయ్యడానికి చేతులెత్తమన్నప్పుడు నేను తల దించుకునే ఉన్నాను. ఎవరెవరు ఎత్తారో నువ్వు చూసే ఉంటావు. ఒక్కొక్కళ్ళ సంగతీ రాయి. నా కుర్చీలో ఎవర్ని కూచోబెట్టాడో అదీ రాయి. ఇంకొక్క పని చేసిపెట్టు. మన సామాన్లు తీసుకున్న ఇళ్ళ అడ్రసులు పంపు. ఎవరికీ చెప్పకుండా వచ్చేశాను, ఒక్కో ఉత్తరం ముక్క రాసి పలకరిస్తాను.

మీ వదిన


సంఘం సామాన్ల గది,
ఏప్రిల్ ఆఖరు

వదినా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. పక్కనే మెకానిక్కు మంచానికి నట్లు బిగిస్తున్నాడు, "ఏమ్మా, రంగు వాసన కళ్ళకెక్కిందా" అన్నాడు. అవునన్నాను.

నువ్వు లేకపోతే ఈ గది గదిలా లేదు. మొన్న ఒక కుర్చీ వెనక్కి వచ్చింది. ఆ ఇంటి పెద్దాయన లేచి నడుస్తున్నాడట, ఆయనే తోసుకుంటూ వచ్చి అప్పజెప్పాడు. నువ్వుంటే ఎంత సంబరపడేదానివో. తిప్పుడు మంచాలకి గిరాకీ బాగా ఎక్కువగా ఉంది, ముగ్గురు కాచుకుని ఉన్నారు.

చేతులెత్తిన సంగతి అడిగావు. నా ముందు ఆ లావుపాటి కాంట్రాక్టరు కూచున్నాడు వదినా, ఆయన వీపు తప్ప నాకేమీ కనబడలేదు. ఒట్టు. నీ కుర్చీలో ఎవరూ కూచోవడం లేదు, దాని మీద ఫైళ్ళు పెట్టుకుంటున్నాం.

ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అంటారు కదా. పోనిద్దూ. అతని నోరు అతనిది, నీ మంచితనం నీది. ఊళ్ళో నిన్ను దొంగ అనుకునేవాడెవడు? మా ఆయన పనిచేసే గోడౌను మూసేశారు. పొద్దస్తమానం ఇంట్లో కూచుని నా వంటకి వంకలు పెడుతున్నాడు. నా బాధలు నాకున్నాయి.

అడ్రసులు వెనక కాగితాల మీద రాశాను. అందరికీ నా నమస్కారాలు కూడా రాయి.

బుల్లి


ప్రెస్సు పైన గది,
జూలై

బుల్లీ,

కాంట్రాక్టరు వీపు గురించి రాశావు చూడు, నవ్వాపుకోలేకపోయాను. ఆయన ఆ రోజు మొదటి వరసలో, నా ఎదురుగా కూచున్నాడే తల్లీ. నేనే టీ అందించాను, చక్కెర చాల్లేదని మళ్ళీ వేయించుకున్నాడు. ఆడపడుచు అర్ధమొగుడంటారు. నువ్వు ఏకంగా పూర్తి మొగుడిలా అబద్ధాలాడుతున్నావు. సరేలే, ఎవర్నో దాస్తున్నావు. ఎవర్నయినా దాచుకో, నేను కనుక్కుంటాను.

ఇక్కడ ప్రెస్సుకి ఊళ్ళ పేపర్లన్నీ వస్తాయి. మొన్న ఒకదాంట్లో మీ ఫోటోరాయుడు పలుగు పట్టుకుని నిలబడ్డాడు. భవనానికి పునాది వేశాడట. పలుగు పట్టుకోవడం కూడా సరిగ్గా రాలేదు, తలకిందులుగా పట్టుకున్నాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట! ఆ పేపరు మడిచి కుంటుతున్న టేబులు కాలి కింద పెట్టాను. టేబులు కుదురుగా నిలబడింది. ఆ మనిషి వల్ల జరిగిన మొదటి ఉపకారం ఇదే.

నాకొకటి చెప్పు. చందాలు నాకు తెలియనివి కావు. అద్దెకీ రిపేర్లకీ పోగా మిగిలేది బొటాబొటి. నిల్వ నిధి అంతా ఊడ్చి పెట్టినా పునాదితోనే అయిపోవాలి. పేపర్లో చూస్తే గోడలు కూడా లేస్తున్నాయి. ఆ డబ్బెక్కడిది? ఎవడైనా దాత దొరికాడా? దొరికితే ఆయన ఫోటో కూడా వేసేవాడు కదా, పక్కన తనది కాస్త పెద్దదిగా వేసుకుని.

దాచకుండా రాయి. రోజూ ఆ మనిషి మొహం తల్చుకునే లేస్తున్నాను. ఇంతవరకూ దేవుణ్ణి కూడా అంత శ్రద్ధగా తల్చుకోలేదు.

మీ వదిన


సంఘం సామాన్ల గది,
సెప్టెంబరు

వదినా,

నువ్వు కంగారుపడేటంత ఏమీ లేదు. అంతా లెక్క ప్రకారమే జరిగింది. దాత ఎవరూ లేరు. డబ్బు మన దగ్గరే ఉంది, మనకే తెలియలేదు.

నువ్వు బ్యాంకులో రెండు ఖాతాలు నడిపేదానివి కదా. చందాలది "మన ఖాతా", సామాను పట్టుకెళ్ళేటప్పుడు ఇళ్ళవాళ్ళు కట్టే డిపాజిట్టుది "వాళ్ళ ఖాతా". ప్రెసిడెంటు గారు కమిటీలో అడిగారు. "ఇన్నేళ్ళలో డిపాజిట్టు వెనక్కివ్వమని ఈ ఆఫీసు గుమ్మం ఎక్కినవాడు ఒక్కడున్నాడా?" అందరం ఆలోచించాం. నిజంగానే ఒక్కరూ లేరు. మనిషి పోయిన ఇంట్లోంచి మంచం తెచ్చి పడేసి, ఏ మొహం పెట్టుకుని డబ్బడుగుతారు చెప్పు? "అడగని డబ్బు చందా కిందే లెక్క" అన్నారాయన. ఎవరికీ తప్పు కనబడలేదు. రెండు ఖాతాలూ కలిపేశాం. కలిపేసరికి నిల్వ రెట్టింపయి కూచుంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో వార్షిక నివేదిక మొదటి పేజీ మీదే వేస్తారట.

కలిపే కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు రెండుసార్లు పెన్ను కింద పెట్టిన మాట నిజమే. కానీ ఆడిటరు కూడా అంకెలు సరిపోయాయి చాలన్నాడు. ఏడాది ఖర్చుకి ఉంచాల్సింది ఉంచే, మిగతాది భవనానికి వాడుతున్నారు. నీ నియమం ఎవరూ మీరలేదు వదినా.

మా ఆయనకి ఇంకా పని దొరకలేదు. వంట మాత్రం నేర్చుకున్నాడు. వంకలు తగ్గాయి.

బుల్లి


ప్రెస్సు పైన గది,
సెప్టెంబరు

గౌరవనీయులైన కోశాధికారి గారికి,

నమస్కారాలు. తమరు సంతకం పెట్టేటప్పుడు రెండుసార్లు పెన్ను కింద పెట్టారని తెలిసి చింతిస్తున్నాను. ఖాతాలు కలిపే కాగితం మీద సామాన్లు చూసుకునే మనిషి సంతకం బ్యాంకువాళ్ళకి అక్కర్లేదు. ప్రెసిడెంటుదీ, కోశాధికారిదీ కావాలి. తమరు ప్రెసిడెంటు కారు. కాబట్టి నా కుర్చీ మీద ఉన్న ఫైళ్ళు ఎవరో నాకు తెలిసింది. అభినందనలు.

తమ ప్రెసిడెంటు అడిగిన ప్రశ్నకి జవాబు కూడా ఇచ్చుకుంటాను. డిపాజిట్టు కోసం ఆఫీసు గుమ్మం ఎవరూ ఎక్కలేదు. నిజమే. ఎందుకు ఎక్కలేదో తమరికి తెలుసా? నేనే వాళ్ళ గుమ్మం ఎక్కేదాన్ని. మంచం వెనక్కి వచ్చిన వారంలో వెళ్ళి, కాసేపు కూచుని, లేచేటప్పుడు ఆ డబ్బు వాళ్ళ చేతిలో పెట్టి వచ్చేదాన్ని. అడిగించుకోకుండా ఇవ్వాలని నాకొక పిచ్చి. తమరు నేను పరామర్శకి వెళ్తున్నాననుకున్నారు. ప్రతి చెల్లింపూ పుస్తకంలో రాసే ఉంది, చదివితేగా!

అది నిల్వ కాదు. సంఘానిది కాదు. మంచం మీద పడుకున్నవాళ్ళది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, రోగుల డబ్బుతో ఆయన మేడ కట్టుకుంటున్నాడు, తమరు ఇటుకలందిస్తున్నారు.

నువ్వు చెయ్యెత్తావా లేదా? అదొక్కటి రాయవే. కాంట్రాక్టరు వీపూ అదీ కాకుండా.

ఇట్లు,
మాజీ


ఇంటి నుంచి,
నవంబరు

వదినా,

ఎత్తాను.

ఇన్నాళ్ళూ ఎలా రాయాలా అని చూశాను. ఎలా రాసినా అదే మాట కాబట్టి ముందే రాసేశాను. ఎత్తాను. సభకి ముందురోజు ఆయన పిలిచి, కోశాధికారిగా ఉంటే సామాన్ల గది జీతం పెంచుతానన్నాడు. అప్పటికే గోడౌను మూస్తారని మా ఆయనకి తెలిసిపోయింది. ఇంట్లో తిండిగింజలు చూసుకోవాలి కదా. ఇది ఒక కారణం. నువ్వు దీన్ని క్షమిస్తావని నాకు తెలుసు, ఎందుకంటే నువ్వు ఆకలి ఎరుగుదువు.

రెండోది నువ్వు క్షమించవు. అయినా రాస్తాను. ఇన్నేళ్ళు నీ పక్కన కూచున్నాను. ఒక్కసారి ఆ పుస్తకం నా చేతికిచ్చావా? ఇది ఏమిటి వదినా అంటే, "నీకు అర్థం కాదులేవే" అన్నావు. నవ్వుతూనే అన్నావు, నేనూ నవ్వాను. అతను నిన్ను దొంగని చేసి మాట్లాడినప్పుడు నా రక్తం ఉడికిపోయింది. కానీ "ఈ లెక్కలు ఆవిడకి తప్ప దేవుడిక్కూడా తెలీవు" అన్నప్పుడు, అవును కదా అనిపించింది. అప్పుడే లేచింది నా చెయ్యి. నువ్వు చదవమన్న ఆ పుస్తకం నీ బీరువాలో ఉండేది, బీరువా తాళం నీ నడుముకి ఉండేది.

మొన్న కూచుని మొత్తం చదివాను. నువ్వు రాసినట్టే ఉంది. ఇంటింటికీ వెళ్ళి ఇచ్చావు. నాకిప్పుడు అన్నీ అర్థమవుతున్నాయి, అందుకే ముద్ద దిగడం లేదు. ఆ డిపాజిట్ల డబ్బంతా గోడల్లో ఉంది వదినా. ప్రెసిడెంటుకి చెప్పాను. "చూద్దాంలే, ఒక్కసారే అందరూ వస్తారా ఏమిటి" అన్నాడు. మంచం వెనక్కి వచ్చినప్పుడల్లా నీలాగే వెళ్ళి ఇస్తున్నాను, నా జీతంలోంచి. ఎన్నాళ్ళు ఇవ్వగలనో తెలీదు. కొత్త ఏడాది చందాలు వస్తే మెల్లగా పూడుస్తాను. అంతవరకూ ఈ సంగతి బయటపెట్టకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఏం చెయ్యాలో చెప్పు. తిట్టినా సరే, చెప్పు.

బుల్లి


ప్రెస్సు పైన గది,
ఫిబ్రవరి

బుల్లి తల్లికి,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. ప్రెస్సులో క్యాలెండర్ల పని తగిలింది, ఊపిరాడలేదు. నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. నీ మీద నాకేం కోపం లేదు. ఉన్నది ఉన్నట్టు రాశావు. పుస్తకం నీకివ్వకపోవడం నా తప్పే, సరేనా?

నువ్వు బెంగపెట్టుకోకు. చిన్నప్పుడు నా కుచ్చెళ్ళు పట్టుకుని తిరిగిన పిల్లవి, నీకు చెడు చేస్తానా? గోడల్లో పోసిన డబ్బు గురించి ఏం చెయ్యాలో నేను చూసుకుంటాను.

సర్వసభ్య సమావేశం ఏ రోజు పెట్టారు? ఆయన నివేదిక పొద్దున్నే చదువుతాడా, భోజనాలయ్యాకా? ఊరికే అడుగుతున్నాను. ప్రెస్సాయన నాకు కార్డులు ఉచితంగా వేసిపెడతానన్నాడు, తుమ్ముతూనే. నువ్వు పంపిన అడ్రసులు చూసి ఆ ఇళ్ళవాళ్ళకి తలా ఒక పలకరింపు పంపుతాను. అడుగుదామంటే సిగ్గుపడే మనుషులు పాపం.

ఒళ్ళు జాగ్రత్త. మీ ఆయన్ని అడిగానని చెప్పు.

మీ వదిన


సంఘం ఆవరణలోంచి,
ఏప్రిల్

పిలుపు రాయడం లేదు. ఏమని పిలవాలో తెలియడం లేదు.

నీ కార్డులు శనివారం చేరాయి. ఆదివారం సమావేశం, ఆ రోజూ వేళా నువ్వు అడిగితే నేనే కదా రాసి పంపాను. అంతా నువ్వు కొలిచినట్టే కుదిరింది, సంతోషించు. నీకు ప్రతి ముక్కా కావాలి కదా, రాస్తాను.

ఆయన మైకు ముందుకొచ్చి "మన నిల్వ రెట్టింపయిందని తెలియజేయడానికి ఆనందిస్తున్నాను" అన్నాడు. అప్పుడే బయట ఇనప చప్పుడు. కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర మంచాలు. రిక్షాల మీద, తోపుడుబళ్ళ మీద, మనుషుల నెత్తిమీద మంచాలు. కుర్చీలు. ఇంకా గాలి తియ్యని పరుపులు. అందరి చేతుల్లో నీ కార్డు. హాల్లో ఉన్నవాళ్ళంతా తమాషా చూద్దామని బయటికి పరుగెత్తారు.

కార్డు నేనూ చదివాను. "డిపాజిట్టు మీ డబ్బు. సామాను తిరిగి ఇవ్వగానే అడిగి తీసుకోండి. అడగడానికి సిగ్గుపడకండి." ఇంతవరకూ బాగుంది, ఇది నా వదిన రాసిందే. దాని కింద ఇంకొక్క వాక్యం ఉంది. "సంఘంలో డబ్బు ఉన్నంతవరకే ఇస్తారు." ఇది ఎవరు రాశారు? ఇది నీ పగ రాసింది. ఆ ఒక్క ముక్కకే జనం పరుగెత్తుకొచ్చారు. సామాను ఇస్తే గానీ డబ్బివ్వరని వాళ్ళకి తెలుసు. అందుకని ఇంకా రోగులు పడుకుని ఉన్న మంచాలు లాక్కొచ్చారు. నువ్వు అన్నీ లెక్కేశావు. ఆ మంచాల మీద మనుషులున్నారన్న సంగతి మాత్రం మర్చిపోయావు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పంటించినట్టుంది.

ఆ అడ్రసులు నా చేతిరాతతో పంపాను కదా నీకు. నా చేత్తోనే నా మెడ కోయించావు. చెయ్యెత్తినందుకు నాకిది సరిపోయిందా?

మీ ఫోటోరాయుడు ముందు బాత్రూంలో దూరి గొళ్ళెం పెట్టుకున్నాడు. నవ్వుకో. నేను వరండాలో బల్ల వేసుకుని, డబ్బు పెట్టెలో ఉన్నదంతా వరసగా ఇస్తూ కూచున్నాను. పెట్టె అడుగు కనబడే వేళకి ఆయన బయటికొచ్చాడు, మొహం కడుక్కుని. తిన్నగా మైకు దగ్గరికి వెళ్ళి, "ఆవిడ లెక్కల్లో ఏ తప్పూ లేదు. తప్పు మాట అన్నది నేను. ఈ డబ్బు మనది కాదు" అన్నాడు. నీకు కావలసిన మాట అదే హాల్లో, అదే మైకులో, అతని నోటితోనే వచ్చింది. వినడానికి లోపల ఖాళీ కుర్చీలే ఉన్నాయి. నేను వరండాలో ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

తర్వాత ఆయన గేటు దగ్గర నిలబడి, కోటు విప్పేసి, తన సొంత చెక్కు పుస్తకం తీశాడు. "డబ్బు తీసుకోండి, మంచం కూడా తీసుకెళ్ళండి, ముందు మనిషిని పైకెక్కించండి" అని ఒక్కొక్కళ్ళకీ చెప్పాడు. మంచాలు బళ్ళ మీదికి తనే ఎత్తాడు. ఫోటో తీస్తానని వచ్చినవాణ్ణి కసిరాడు. కారు అమ్మేశాడు. గోడలు ఉన్నవి ఉన్నట్టు కాంట్రాక్టరుకి అమ్ముతున్నారు. నువ్వు అతన్ని నాశనం చేద్దామనుకున్నావు. వదినా, నేను ఇన్నాళ్ళలో అతన్ని గౌరవించింది ఆ ఒక్కరోజే.

దాదాపు అన్ని మంచాలూ తిరిగి వెళ్ళిపోయాయి. ఒకటి మిగిలింది. కాలవ పక్క సందులో దర్జీ ఉన్నాడు, ఆయన భార్యకి నడుము పడిపోయింది. వరసలో మొట్టమొదట వచ్చింది ఆయనే. మంచం ఇచ్చి, డబ్బు తీసుకుని, ఈ మాటలేవీ వినకముందే వెళ్ళిపోయాడు. ఆ డబ్బుతో తాకట్టులో ఉన్న కుట్టుమిషను విడిపించుకున్నాడు. నేను బండి మీద మంచం వేసుకుని వెళితే గుమ్మంలోనే ఆపాడు. "డిపాజిట్టు కట్టకుండా ఎలా తీసుకుంటానమ్మా? ధర్మానికి పడుకోబెట్టడానికి మా ఆవిడేం బిచ్చగత్తె కాదు" అన్నాడు. ఆవిడ నేల మీద చాప మీద ఉంది. మానుతున్న వీపు పుండ్లు మళ్ళీ విచ్చుకున్నాయి. నేను చూశాను.

నీ పగ తీరింది కదా. వచ్చి అది కూడా చూసుకో.

బుల్లి


దర్జీ ఇంటి వరండా,
ఏప్రిల్

బుల్లీ,

వచ్చాను. నీ దగ్గరికి రాలేదు, మొహం చెల్లలేదు. బస్సు దిగి తిన్నగా ఇక్కడికే వచ్చాను. ఈ కాగితం దర్జీ కొలతలు రాసుకునే పుస్తకంలోంచి చించి ఇచ్చాడు. పక్కింటివాళ్ళ సైకిలబ్బాయి చేత పంపుతున్నాను, గంటలో నీకందాలి.

నీ ఉత్తరం చదివి ముందు ఏం చేశానో చెప్పనా? ఆయన బాత్రూంలో దూరాడన్న చోట పగలబడి నవ్వాను. కారు అమ్మేశాడన్న చోట చదివిందే మళ్ళీ చదువుకున్నాను. నువ్వు అతన్ని గౌరవించానన్న చోట కాగితం నలిపి విసిరేశాను. ఆ తర్వాతిది చదవలేదు. పొద్దున ఊడుస్తుంటే మళ్ళీ చేతికొచ్చింది, అప్పుడు చదివాను దర్జీ సంగతి.

ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. మంచం ఇచ్చిన రోజున నేనే వచ్చాను గానీ, అప్పుడు ఆవిడకి ఒళ్ళు తెలియని జ్వరం. ఎవరమ్మా అంది. సంఘం నుంచి అన్నాను. వెంటనే నా చెయ్యి పట్టుకుంది. "కార్డు రాసినావిడ తెలుసా మీకు? ఆ మహాతల్లి చల్లగా ఉండాలమ్మా. ఆవిడ చెప్పకపోతే మా డబ్బు మాకు వచ్చేదా? మా ఆయన మిషను ఇంటికొచ్చేదా?" అంది. నేల మీంచి అంది, బుల్లీ. నా చెయ్యి వదల్లేదు. ఇంతసేపూ చీమలు దులుపుకుంటూనే దీవించింది. తిట్టి ఉంటే నేను తట్టుకునేదాన్ని. ఏ తిట్టుకైనా నా దగ్గర జవాబుంటుందని నీకు తెలుసు.

దర్జీతో మాట్లాడాను. నీకు చెప్పిన మాటే నాకూ చెప్పాడు. డిపాజిట్టు నేను కడతానంటే మిషను ఆపి నా వంక ఒక చూపు చూశాడు. ఇక లాభం లేదని అబద్ధమాడాను. "మీ డిపాజిట్టు ఇన్నేళ్ళు బ్యాంకులో ఉంది, దానికి వడ్డీ వచ్చింది, అది మీకివ్వడం సంఘం మర్చిపోయింది. ఆ వడ్డీ సరిగ్గా కొత్త డిపాజిట్టుకి సరిపోతుంది" అన్నాను. వేళ్ళ మీద లెక్క కూడా చేసి చూపించాను. అంత సొమ్ముకి అంత వడ్డీ ఏ బ్యాంకూ ఇవ్వదు. ఆయన నమ్మాడు. ఎందుకు నమ్మాడో తెలుసా? "మీరు లెక్కల మనిషిలా ఉన్నారు" అన్నాడు.

లెక్కలు కల్పించే మనిషినన్నందుకు కదా అతని మీద ఏడాదిపాటు పగబట్టాను. ఇవాళ ఆ పనే చేశాను. నువ్వు కూడా చెయ్యాలి. పుస్తకంలో దర్జీ పేరు మీద వడ్డీ అని రాయి. డబ్బు ఇందులో పెట్టి పంపుతున్నాను, లెక్క చూసుకో. నా నెల జీతం. ఎవరిదని ఎక్కడా రాయకు.

రెండో సంతకం ప్రెసిడెంటుది కావాలి. ఇదేం వడ్డీ అని అడుగుతాడు. అడగకుండా ఉంటే అతను ఇంకా మారలేదన్నమాట. అడిగితే నా పేరు చెప్పు. ఆవిడ బతిమాలుకుంటోంది, సంతకం పెట్టండి అని చెప్పు. అదే మాట చెప్పు, మార్చకు.

నేను క్షమించానని మాత్రం చెప్పకు. క్షమించలేదు. అతన్నీ క్షమించలేదు, నిన్నూ క్షమించలేదు, నా సంగతి తర్వాత చూసుకుంటాను. ఈ మాటలన్నీ తీరిగ్గా నీ ఎదుట కూచుని పోట్లాడతాను, తలుపు తియ్యి చాలు.

ముందు మంచం పంపు. గాలి పరుపు కూడా. చూసుకుని పంపు, చిల్లులుంటే అతికించడానికి మెకానిక్కుని తోడు పంపు. ఎండ గదిలోకి వచ్చేసింది, నేను, ఆయన ఇద్దరం పట్టుకుని ఆవిణ్ణి ఇంకో మూలకి జరపాలి. తొందరగా పంపవే, ఆవిడ ఇంకా నేల మీదే ఉంది.

వదిన